కుందూ తీరంలో కుక్కపిల్లల నట్టలు: ఒక వైద్య చరిత్ర

కుక్కపిల్ల కళ్లు తెరవకముందే దాని ఒంట్లోకి ఏలికపాములు చేరి ఉంటాయి. తల్లి కండరాల్లో కదలకుండా పడి ఉన్న పిల్లపురుగులు చూడి కట్టిన ఆరు వారాలకు మేలుకుంటాయి. మాయ దాటి గర్భంలోని పిల్లల్లోకి పోతాయి. పుట్టిన మూడు వారాలకే ఆ పిల్లల పెంటలో పురుగు గుడ్లు కనిపిస్తాయి. కొంకిపురుగు తల్లిపాలలో వస్తుంది. పిల్లికూనలకు గర్భంలో ఈ బెడద లేదు. వాటికి ఏలికపాము కూడా పాలతోనే అందుతుంది. కాబట్టి ఎంత శుభ్రమైన ఇంట్లో పుట్టినా, ఎంత మంచి జాతిదైనా, నట్టలు లేని కుక్కపిల్ల అరుదు.

ఈ సంగతి శాస్త్రానికి తెలిసి సుమారు నూరేళ్లయింది. కుక్కతో మనిషి సహవాసం వేల ఏళ్లది. నంద్యాల, ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ చుట్టుపట్ల ఊళ్లలో ఆ సహవాసం ఎలా సాగిందో, కుక్కకూ పిల్లికీ పట్టే పురుగుల సంగతి ఎవరు పట్టించుకున్నారో చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఈ సీమలో పశువైద్యం ఎద్దు కోసం వచ్చింది, గుర్రం కోసం వచ్చింది, గొర్రె కోసం వచ్చింది. కుక్క దగ్గరికి చిట్టచివర వచ్చింది, అదీ మనిషికి భయం పట్టుకున్నాకనే.

ఉయ్యాలవాడ కుందూ నది పరివాహకంలోని నల్లరేగడి ఊరు. పూర్వం కోవెలకుంట్ల తాలూకాలో ఉండేది. ఆ తాలూకా 1858లో కడప జిల్లా నుంచి కర్నూలు జిల్లాకు మారింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ఈ ప్రాంతం అందులోకి వచ్చింది. కంపెనీ ప్రభుత్వం మీద తిరగబడి 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి వల్లనే ఊరి పేరు బయటివాళ్లకు తెలుసు. తూర్పున నల్లమల, దాని కింద నంద్యాల–ఆళ్లగడ్డ మైదానం, జొన్న, పత్తి, శనగ పండే నల్లనేలలు, కె.సి. కాలువ పారినంత మేర వరి. అడవిలో కుక్కది వేట కొలువు, మైదానంలో మంద కావలి, ఊళ్లో గడప కావలి. పిల్లికి ఒకటే కొలువు: జొన్న పాతర్ల దగ్గర, గాదెల దగ్గర ఎలుకలు పట్టడం.

వేట ఈ ప్రాంతపు భక్తిలోనూ ఉంది. సంక్రాంతి దాటగానే అహోబిలం నరసింహస్వామి పల్లకీ పారువేటకు బయలుదేరి, ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలన్నీ నలభై రోజులకు పైగా తిరిగి వస్తుంది. ఆ స్వామి వలచి పెళ్లాడిన చెంచులక్ష్మి జనానికి, అంటే నల్లమల చెంచులకు, కుక్క వేటలో తోడు, రాత్రి గుడిసె ముందు కాపలా. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద ప్రచురించిన గ్రంథం వారి అడవి బతుకును వివరంగా నమోదు చేసింది. వేటలో దొరికిన జంతువు పేగులు, పనికిరాని మాంసం కుక్కల వంతుకు వచ్చేవి. పచ్చి పేగుల ద్వారా అడవి జంతువుల పురుగులు కుక్కకు, కుక్క నుంచి తిరిగి అడవికి పోవడం అలా నిరంతరంగా సాగింది.

మైదానంలో కురుబలు, గొల్లలు మేపే మందలదీ అదే దారి. కోతలయ్యాక రైతులు చేలల్లో ఎరువు కోసం రాత్రిపూట మంద నిలిపించుకుంటారు. మందతో పాటు కుక్కలూ చేను మీదే పడుకుంటాయి. గొర్రెల పెంటికతో పాటు కుక్క పెంట కూడా ఆ మట్టిలోనే కలుస్తుంది. అందులోని పురుగు గుడ్లు కంటికి కనపడవు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తరవాత అదే మట్టిలో మొలిచిన గడ్డిని గొర్రె మేస్తుంది, చిల్లర కూరలు మనిషి కోసుకుంటాడు.

పాత శాస్త్రాల్లోనూ కుక్క స్థానం చిన్నదే. ఏనుగులకు పాలకాప్యుడి పేర, గుర్రాలకు శాలిహోత్రుడి పేర పెద్ద వైద్య సంప్రదాయాలే ఉన్నాయి. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద కావ్యం రాశాడు. కుక్కను రాజుల వినోదాల్లో చేర్చిన గ్రంథం ఒకటుంది: 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసం. అందులో కుక్కల వేటవినోదానికి ఒక భాగమే కేటాయించారు. అయితే అది దొరల వేటకుక్క. కాపరి కుక్కకు, ఊరకుక్కకు శాస్త్రం లేదు. వాటికి ఉన్నదల్లా ఇంటి వైద్యం.

ఆ ఇంటి వైద్యాన్ని తీసిపారేయడానికి లేదు. కడుపులో పురుగులకు మోదుగ గింజలు, వాయువిడంగాలు. గజ్జికి గంధకం కలిపిన నూనె, కానుగ నూనె. పేలకు వేపనూనె, సీతాఫలం గింజల పొడి. ఇవన్నీ మనుషులకూ గొడ్లకూ వాడుకలో ఉన్నవే, కుక్కకు మిగిలినవి పూసేవారు. గంధకం గజ్జి పురుగును నిజంగానే చంపుతుంది. ఆధునిక వైద్యం దాన్ని ఇప్పటికీ వదల్లేదు. సీతాఫలం గింజల్లోనూ పురుగును చంపే గుణం ఉంది, కానీ ఆ పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పొగాకు కషాయం, కిరసనాయిలు పూయడం మాత్రం నాకి నాకి ఒళ్లు శుభ్రం చేసుకునే కుక్కపిల్లకూ పిల్లికూనకూ విషంతో సమానం. ఇంటి వైద్యానికి ఉన్న అసలు లోపం వేరు: అది పురుగు కనబడ్డాక మొదలవుతుంది. పిల్లల విషయంలో అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

ఈ మందుల్లో ఒకటి మాత్రం సముద్రాలు దాటింది. తాంబూలంలోని వక్కను బద్దెపురుగు పడగొట్టడానికి కుక్కలకు పెట్టడం పాతకాలపు అలవాటు. 19వ శతాబ్ది చివర్లో రసాయన శాస్త్రజ్ఞులు వక్కలోంచి అరెకోలిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది పురుగును చంపదు. పేగు గోడకు పట్టుకున్న పట్టు సడలించి, కుక్కకు విరేచనం పట్టించి, పురుగును బయటికి తోస్తుంది. న్యూజిలాండ్‌లో లక్షల గొర్రెలు కాసే కుక్కలకు 20వ శతాబ్దిలో దశాబ్దాల పాటు వేసిన మందు ఇదే. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

కంపెనీ ప్రభుత్వం, తరవాత రాణి ప్రభుత్వం ఈ జిల్లాల్లో పశువును చూసింది శిస్తు కళ్లతోనే. ఎద్దు చస్తే సేద్యం ఆగుతుంది, సేద్యం ఆగితే శిస్తు రాదు. దొమ్మరోగం లాంటి పశువ్యాధులు ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేస్తుండగా 1866లో మద్రాసు ప్రెసిడెన్సీ పశువ్యాధుల చట్టం తెచ్చింది. అదే ఏడాది కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోసి పేరుగాంచాడు. 1876–78 కరువులో మనుషులతో పాటు గొడ్లూ లెక్కలేనన్ని పోయాయి. 1889లో పుణెలో మొదలై 1893లో కుమావూఁ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలిన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబొరేటరీ, 1903లో ప్రారంభమైన మద్రాసు పశువైద్య కళాశాల, ఈ రెండూ ఈ భయంలోంచే పుట్టాయి. పల్లెలో జనం పశువైద్యశాలను ‘గొడ్ల ఆసుపత్రి’ అన్నారు. పేరులోనే ఎవరికోసమో ఉంది.

కుక్క రక్తంలోని పరాన్నజీవుల మీద ముఖ్యమైన శాస్త్రీయ పరిశోధన మాత్రం విచిత్రంగా ఈ ప్రెసిడెన్సీలోనే జరిగింది. కారణం పల్లె కుక్కలు కావు, దొరల కుక్కలు. మద్రాసులోని ఇంగ్లీషువాళ్లు ‘మద్రాస్ హంట్’ పేరుతో సంఘం పెట్టుకుని, వేటకుక్కల గుంపును పోషించి నక్కలను తరిమేవారు. ఆ కుక్కలు జ్వరాలతో, రక్తం తగ్గిపోయి చనిపోతుండేవి. 1905లో ఎస్.పి. జేమ్స్ భారతదేశపు కుక్కల తెల్లరక్తకణాల్లో ఒక పరాన్నజీవిని వర్ణించాడు. దాన్నే ఇప్పుడు హెపటోజూన్ కేనిస్ అంటున్నారు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఎస్.ఆర్. క్రిస్టోఫర్స్ 1907 నాటికి దాని జీవితచక్రం కుక్క గోమారులో సాగుతుందని చూపాడు. కుక్క ఎర్రరక్తకణాలను తినే పైరోప్లాస్మా కూడా గోమారులో ఎలా పెరుగుతుందో ఆయనే వివరించాడు. 1910లో డబ్ల్యు.ఎస్. ప్యాటన్ మద్రాస్ హంట్ కుక్కల రక్తంలో కొత్త పైరోప్లాస్మాను కనుక్కున్నాడు. అదే సూక్ష్మజీవి నక్కల రక్తంలోనూ దొరికింది. దాన్ని ఇప్పుడు బబీసియా గిబ్సోనై అంటారు. ఆ పేరు ప్రపంచమంతటా పశువైద్య పుస్తకాల్లో ఉంది. నక్కకు పెద్దగా హాని చేయని పరాన్నజీవి, ఇంగ్లండ్ నుంచి కొత్తగా దిగిన కుక్కను కూలదోసింది. ఈ వ్యత్యాసానికి అర్థం, స్థానిక జంతువులు తరతరాలుగా దానితో సర్దుకున్నాయని.

ఊరకుక్కలు ఒంటి నిండా గోమార్లతో తిరగగలిగితే, పట్నం నుంచి తెచ్చిన జాతి కుక్కపిల్ల అదే గోమారుతో జ్వరం తెచ్చుకుని పడిపోవడం ఇప్పటికీ కనిపించేదే. హెపటోజూన్ విషయంలో మరో వింత ఉంది. అది గోమారు కాటుతో రాదు. దురద పుట్టి కుక్క గోమారును పళ్లతో పీకి మింగినప్పుడే ఒంట్లోకి వెళ్తుంది. గోమార్లను చేత్తో పీకి అక్కడే నేలకేసి నలిపి వదిలేసే అలవాటులోని లోపం ఇక్కడ తెలుస్తుంది. వాటిని సబ్బునీళ్లలోనో స్పిరిట్‌లోనో వేసి చంపాలి.

కడుపు పురుగుల కథ మరోవైపు నుంచి నడిచింది. 1920ల్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ మద్రాసు ప్రెసిడెన్సీలో కొంకిపురుగు నివారణకు పనిచేసింది. చెప్పుల్లేకుండా తడి మట్టిలో నడిచే కూలీల పాదాల గుండా పురుగు లోపలికి పోయి రక్తం తాగుతుందని అది ప్రచారం చేసింది. ఆ రోజుల్లో మనిషికి వాడిన మందుల్లో ఒకటి కార్బన్ టెట్రాక్లోరైడ్. అమెరికా వ్యవసాయ శాఖలోని మారిస్ హాల్ 1921లో దాన్ని మొదట పరీక్షించింది కుక్కల మీదే. కార్జానికి హాని చేస్తుందని తేలాక 1925లో టెట్రాక్లోరో ఎథిలీన్ వచ్చింది; అదీ కుక్కల మీద చూసినదే. మనిషి కొంకిపురుగు మందు కుక్క పేగులోంచే వచ్చిందనొచ్చు. కుక్కకు మాత్రం ఆ మందు ఊళ్లలో అందలేదు.

కుక్క కొంకిపురుగు రోజుకు 0.1 మిల్లీలీటరు దాకా రక్తం తాగుతుంది. ఈ అంకె చిన్నదిగా కనిపించవచ్చు. అరకిలో బరువు కూడా లేని మూడు వారాల పిల్ల పేగులో రెండొందల పురుగులుంటే రోజుకు పోయే రక్తం ఇరవై మిల్లీలీటర్లు. దాని ఒంట్లో ఉండే మొత్తం రక్తం అందుకు రెండింతలు మించదు. చిగుళ్లు తెల్లబడి, తారులాంటి నల్లటి విరేచనాలతో పిల్లలు ఒకదాని వెంట ఒకటి పోతాయి. ‘ఆ కుక్కకు పిల్లలు నిలవవు’ అని ఊళ్లో అనే మాట వెనక చాలాసార్లు ఉన్నది ఈ పురుగే.

తల్లి నుంచి పిల్లకు పురుగు ఎలా చేరుతుందన్న ప్రశ్నకు జవాబు మెల్లగా వచ్చింది. జర్మనీలో ఫ్యూలెబోర్న్ 1921లో కుక్క ఏలికపాము పిల్లపురుగులు మాయ గుండా గర్భంలోకి పోతాయని చూపాడు. కొంకిపురుగు పాలలో దిగుతుందన్నది 1960ల్లో రుజువైంది. పిల్లి విషయంలోనూ పాలదారి 1971లో తేలింది. ఆడ ఏలికపాము రోజుకు లక్ష వరకూ గుడ్లు పెడుతుంది. నేల మీద పడ్డ గుడ్డు వెంటనే హాని చేయదు. మూడు నాలుగు వారాలు గడిచాక, లోపల పిల్లపురుగు పెరిగాక ప్రమాదకరమవుతుంది, ఆపైన మట్టిలో ఏళ్లపాటు బతుకుతుంది. అందుకే పెంట తాజాగా ఉన్నప్పుడే ఎత్తి పారబోయడం మిగతా ఉపాయాలన్నిటికంటే పైన నిలుస్తుంది. 1952లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పాల్ బీవర్, ఆయన సహచరులు కుక్క ఏలికపాము పిల్లపురుగులు మట్టి తినే పసిపిల్లల కార్జంలో తిరుగుతాయని చెప్పారు. అంతకు రెండేళ్ల ముందే పిల్లల కళ్లలో అలాంటి పురుగుల ఆనవాళ్లు దొరికాయి. కుక్కపిల్ల ఆరోగ్యం పసిపిల్లల ఆరోగ్యమైంది అప్పటినుంచే.

కర్నూలు జిల్లాకు ఈ పాఠం మరో పురుగు వల్ల అందింది. దాని పేరు ఎకినోకాకస్. కుక్క చిన్నపేగులో ఉండే ఈ బద్దెపురుగు అరసెంటీమీటరు పొడవుంటుంది, అంటే జొన్నగింజ దాటదు. ఒక్కో కుక్కలో వేలకొద్దీ ఉన్నా దానికి ఏ బాధా తెలియదు, తిని తిరుగుతుంది. కానీ దాని గుడ్డు గొర్రె కడుపులోకి పోతే కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కడుతుంది. మనిషిలోకి పోయినా అంతే. దీన్నే హైడాటిడ్ వ్యాధి అంటారు. తిత్తి మెల్లగా, ఏడాదికి ఒకటి నుంచి ఐదు సెంటీమీటర్ల వరకూ పెరుగుతుంది. కొందరిలో కొబ్బరికాయంత అయ్యాకగానీ బయటపడదు. లోపల చిట్లితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ చక్రాన్ని పూర్తిచేసేది మనిషి చెయ్యే. గొర్రెను కోసినచోట కార్జం మీద తెల్లటి తిత్తులు కనిపిస్తే, అది అమ్ముడు పోదు కాబట్టి పక్కన కాచుకు కూర్చున్న కుక్క ముందు పడేస్తారు. తిత్తిలో వేలకొద్దీ పురుగు తలలుంటాయి. ఆరేడు వారాల్లో కుక్క పేగులో పెద్ద పురుగులై గుడ్లు విడుస్తాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు వాన్ సీబోల్డ్ 1850ల ఆరంభంలో తిత్తులను కుక్కలకు తినిపించి ఈ రహస్యాన్ని విప్పాడు. నూరేళ్లకు పైగా గడిచాక కూడా రాయలసీమ సంతల్లో, దేవర జాతరల్లో ఆ ప్రయోగమే రోజూ జరుగుతూ వచ్చింది.

కర్నూలు వైద్య కళాశాల 1956లో మొదలైంది. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న ఆఖరి ఏడాది అది. అక్కడి పెథాలజిస్టు సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన సహచరులు కర్నూలులో హైడాటిడ్ వ్యాధి ఎలా వ్యాపిస్తోందో పరిశీలించి 1968లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రచురించారు. భారతదేశంలో ఈ వ్యాధి గురించి రాసే పరిశోధకులు ఇప్పటికీ ఉదహరించే పత్రం అది. దేశంలో హైడాటిడ్ ఎక్కువగా కనిపించే ప్రాంతాలుగా ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల పేర్లు వైద్య గ్రంథాల్లో నిలవడానికి ఈ పని ఒక కారణం. జీవాలెక్కువ, కుక్కలెక్కువ, బహిరంగంగా కోయడం ఎక్కువ అయిన కర్నూలు జిల్లా ఆ పరిశీలనకు తగిన చోటు.

ఇతర దేశాలు ఇదే సమస్యను ఎలా తీర్చుకున్నాయో చూడవచ్చు. ఐస్‌లాండ్‌లో 19వ శతాబ్దంలో ఈ జబ్బు తీవ్రంగా ఉండేది. డెన్మార్క్ పరిశోధకుడు హరాల్డ్ క్రాబే 1860ల్లో అక్కడ కుక్కలను పరీక్షించి, పల్లె జనానికి అర్థమయ్యే చిన్న పుస్తకం రాశాడు. దాన్ని ఇంటింటికీ పంచారు. తరవాత చట్టాలు వచ్చాయి: కుక్కకు ఏటా పురుగు మందు, తిత్తులున్న అవయవాలను కాల్చడమో పూడ్చడమో. ఆ దేశంలో వ్యాధి పూర్తిగా పోయింది. న్యూజిలాండ్‌లో అరెకోలిన్‌తో మొదలుపెట్టి, 1959లో ప్రత్యేక చట్టం చేసి, 2002లో వ్యాధి లేదని తాత్కాలికంగా ప్రకటించుకునే స్థాయికి చేరారు. మన వక్కలోని మందు అక్కడ దేశవ్యాప్త కార్యక్రమమైంది. వక్క పండే దేశంలో మాత్రం అలాంటి కార్యక్రమం కుక్కలకు జరగలేదు.

మందుల కొరత ఇప్పుడు సాకు కాదు. 1950ల్లో పైపరజీన్, 1960ల్లో పైరాంటెల్, 1970ల్లో మెబెండజోల్, ఆల్బెండజోల్, అదే దశాబ్దంలో బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ వచ్చాయి. వీటిలో ప్రాజిక్వాంటెల్ ఎకినోకాకస్ పాలిట యముడు; ఒక్క మాత్రతో కుక్క పేగు శుభ్రమవుతుంది. 1980ల్లో ఐవర్‌మెక్టిన్ వచ్చింది. దాని ఆవిష్కర్తలు క్యాంప్‌బెల్, ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. గోమార్లకు, ఒంటిమీద గెంతే ఫ్లీలకు 1990ల్లో ఫిప్రోనిల్, 2013–14లో నోటి మాత్రల రూపంలో అఫాక్సోలేనర్, ఫ్లూరలేనర్ వచ్చాయి. ఇవన్నీ నంద్యాల లాంటి పట్నాల పెంపుడు జంతువుల మందుల దుకాణాల దాకా చేరాయి. పశువైద్య విద్య కూడా దగ్గరైంది: తిరుపతి కళాశాల 1955లో, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో, ప్రొద్దుటూరు కళాశాల 2008లో ఏర్పడ్డాయి. ఆళ్లగడ్డ నుంచి ప్రొద్దుటూరు చాగలమర్రి మీదుగా బస్సు దారి.

అయినా పల్లెల్లో పాత వరసే నడుస్తోంది. పశుసంవర్ధక శాఖ నట్టల నివారణ రోజున కాపరులు మందను వరసగా తోలుతారు. ఒకరు గొర్రె దవడ పట్టి నోరు తెరిస్తే మరొకరు గొట్టంతో మందు పోస్తారు. మోకాళ్ల మీద మందు మరకలు, పక్కన తెల్లటి డబ్బాలు. కాపరి కుక్క కొంచెం ఎడంగా కూర్చుని చూస్తుంది. దాని వంతు రాదు. గొర్రెకు పోసే ఆ మందు గొర్రె పేగులోని నట్టలకు సరిపోతుంది. కార్జంలోని తిత్తిని అది కదల్చదు. తిత్తి రాకుండా ఆపాలంటే మందు పడవలసింది కుక్క నోట్లోనే. బడి పిల్లలకు 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. గొర్రెకూ పిల్లవాడికీ మందు అందింది; ఇద్దరికీ పురుగును పంచే మూడోది మిగిలిపోయింది.

కుక్కపిల్లల విషయంలో ఇప్పుడు పశువైద్యులు పాటించే పద్ధతికి మూలం 1921 నుంచి 1971 దాకా తేలిన ఆ సంగతులే. గర్భంలోనే పురుగు వస్తుంది కాబట్టి కుక్కపిల్లకు తొలి మందు రెండు వారాల వయసులో పడాలి. ఆ తరవాత పాలు మానేదాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల వరకూ నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. పిల్లికూనకు పాలదారే కాబట్టి మూడు వారాలకు మొదలుపెడితే చాలు. తల్లిని వదిలి పిల్లలకే మందు వేస్తే పని సగమే అవుతుంది. పాలిచ్చే తల్లికీ అదే రోజు వేయాలి. ఎంత మందన్నది బరువును బట్టి, కాబట్టి పిల్లను ముందు తూకం వేయాలి. మనుషుల మాత్రను అంచనాగా ముక్కలు చేసి వేయడం ఈ ప్రాంతంలో జరిగే పొరపాటు. పొడి రూపంలో ఇచ్చే మందులో కొలత తప్పడం ఇంకా సులభం.

పిల్లల్ని కనిపెట్టి చూసే ఇంటివాళ్లకు కొన్ని గుర్తులు వైద్యుడికంటే ముందే తెలుస్తాయి. పొట్ట ఉబ్బి పక్కటెముకలు తేలడం, పాలు తాగాక వాంతి, వాంతిలో సేమ్యా పోగుల లాంటి పురుగులు ఏలికపాము గుర్తులు. తోక కింద వెంట్రుకలకు ఎండి అంటుకున్న బియ్యపు గింజంత ముక్కలు కనిపిస్తే అది డిపిలిడియం అనే బద్దెపురుగు. ఫ్లీని నోటితో కొరికి మింగడం వల్ల వస్తుంది. కాబట్టి ఫ్లీని వదిలేసి బద్దెపురుగుకు మాత్రమే మందు వేస్తే నెలలో మళ్లీ మొదటికొస్తుంది. ఎనిమిది వారాల్లోపు పిల్లలకు రసాయనాల కంటే పేన్ల దువ్వెన, గోరువెచ్చని నీళ్లు, పడక గుడ్డలను వేణ్నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయడం మేలు. మరీ చిన్న పిల్లికూనల ఒంటి నిండా ఫ్లీలు పడితే రక్తం తగ్గి చనిపోవచ్చు. కుక్కకు కొన్న ఫ్లీ మందును పిల్లికి పూయడం మరీ ప్రమాదకరం: అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి మూర్ఛలతో చనిపోతుంది. కోలీ జాతి, దాని సంకర జాతి కుక్కలకు గొర్రెల ఐవర్‌మెక్టిన్ సూది వేయకూడదన్నది 2001లో జన్యుపరంగా తేలిన విషయం.

మంద కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఆరు వారాలకోసారి పడితే ఎకినోకాకస్ గుడ్డు పెట్టే దశకు చేరదు. గొర్రెను కోసినచోట తిత్తులున్న కార్జాన్ని కుక్కకు వేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చడం రెండో పని. మొదటిదానికి కాపరి, రెండోదానికి కటిక దుకాణం, దేవర జరిపే ఇల్లు బాధ్యులు. నట్టల నివారణ రోజున మండల పశువైద్యుడి దగ్గరికి గొర్రెలతో పాటు కుక్కలనూ తోలుకురావడం కొత్త పథకమేమీ అడగదు. ఊరి కాపరులు అడిగితే వైద్యుడు అదే సంచిలో కుక్కల మాత్రలు కూడా తెచ్చుకోవచ్చు. అడగవలసింది కాపరులే.